ఫొటో వెనుక నాలుగు మాటలు

సంపాదకుల వారికి,

నమస్కారం.

మీ పత్రికలో అప్పుడప్పుడు వచ్చే పాత ఫొటోలను నేను ఎంతో శ్రద్ధగా చూస్తాను. కోటలు, వంతెనలు, పెద్ద సభలు, ప్రముఖుల రాకపోకలు వాటిలో ఎక్కువగా కనిపిస్తాయి. అవి రావలసినవే. అయితే మనుషులు తమ జీవితంలో ఎక్కువ కాలం గడిపే చోట్లు అవి కావు. రోజూ నడిచిన సందు, బస్సు కోసం నిలబడిన మలుపు, బడి ప్రహరీగోడ, సాయంత్రాలు నలుగురూ చేరిన చెట్టునీడ, ఇవన్నీ ఏ పత్రికలోనూ అచ్చుకాకుండానే మారిపోతున్నాయి, కూలిపోతున్నాయి. ఇటువంటి మామూలు చోట్ల ఫొటోలకు, ఆ చోట్లను ఎరిగినవారి జ్ఞాపకాలకు మీ పత్రికలో క్రమం తప్పకుండా కొంత జాగా ఇవ్వవలసిందిగా కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. కోరికతో పాటు ఒక షరతు కూడా ఉంది. ఏ ఫొటో అయినా, అది ఎక్కడిది, ఎప్పటిది, అందులో కనిపిస్తున్నదేమిటి అని తెలిపే నాలుగు మాటలతో కలిసే అచ్చు కావాలి.

ఈ షరతు ఎందుకు పెడుతున్నానో తెలియాలంటే మా ఇంట్లోని రెండు ఫొటోల సంగతి చెప్పాలి. మా నాన్నగారు పోయిన తరువాత ఆయన బీరువా సర్దుతుంటే అడుగు అరలో ఒక రేకుడబ్బా దొరికింది. అందులోని ఫొటోలలో ఒకటి అరచేయంత ఉంటుంది. నలుపు తెలుపుది, ఒక మూల మడతపడి పైపొర లేచింది. ఒక సన్నని సందు, రెండు వైపులా గోడలు, నేలంతా బురద. గోడల మీద మోకాలి ఎత్తున తడిచార ఒకటి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తాడు పట్టి గీసినట్టు ఉంది. గోడకు ఆనించిన సైకిలు వెనుక చక్రానికి గడ్డి చుట్టుకొని ఉంది. ఎడమవైపు చివరి తలుపు దగ్గర ఒకామె చీపురు పట్టుకొని నిలబడి నేల వైపు చూస్తోంది. ఫొటోగా అది గొప్పదేమీ కాదు. వెలుగు ఎక్కువై పైభాగమంతా తెల్లబడిపోయింది. వెనక్కి తిప్పితే పెన్సిలుతో నాన్నగారి దస్తూరీ కనిపించింది: "వాన వెలిసిన మర్నాడు పొద్దున. నీళ్లు రెండో మెట్టు దాకా వచ్చాయి. రాత్రంతా ఎవరూ పడుకోలేదు. చివరి తలుపు దగ్గర ఉన్నామె అందరికీ దీపం ఇచ్చింది. పేరు అడగలేదు." అంతవరకూ గోడ మీది మరకగా చూసిన ఆ చార, అది చదివాక ఒక రాత్రి నీళ్లు ఎంతవరకు వచ్చి ఆగాయో చెప్పే గుర్తు అయింది.

రెండో ఫొటో దానికి రెండింతలు ఉంటుంది, ఎంతో స్పష్టంగా ఉంటుంది. ఒక కూడలి, పోయేవాళ్లు వచ్చేవాళ్లు, మేడ పిట్టగోడ మీద వాలి కిందికి చూస్తున్న ఇద్దరు పిల్లలు. దాని వెనుక ఒక్క అక్షరం లేదు. బంధువులలో పెద్దవారిని నలుగురిని అడిగితే నాలుగు ఊళ్ల పేర్లు చెప్పారు. ఐదో ఆయన చాలాసేపు చూసి, "మీ నాన్న ఉంటే ఇట్టే చెప్పేవాడమ్మా" అని తిరిగి ఇచ్చేశారు. నాన్నగారు ఉన్నన్నాళ్లూ ఆ డబ్బా సంగతే నాకు తెలియదు. తెలిసేనాటికి చెప్పేవారు లేరు. ఆ బాధ ఇంకొకరికి రాకూడదన్నదే నా తపన.

మామూలు చోట్లకు పత్రికలో జాగా ఎందుకని ఎవరైనా అడిగితే, ఫొటో అనేదే ఒక మామూలు చోటుతో మొదలైందని గుర్తుచేస్తాను. కెమెరాతో తీసి నేటికీ మిగిలి ఉన్న ఫొటోలలో మొట్టమొదటిదిగా చెప్పేది, ఫ్రాన్సులో నిసెఫోర్ నియెప్స్ 1826 లేదా 1827లో తన ఇంటి పైఅంతస్తు కిటికీ నుంచి తీసినది. అందులో ఉన్నవి కొన్ని కప్పులు, గోడలు, వాటి మధ్య వాకిలి, అంతే. ఆ బొమ్మ లోహపు పలక మీద నిలవడానికి గంటల తరబడి ఎండ పడవలసి రావడంతో, సూర్యుడు ఒక వైపు నుంచి మరో వైపుకు జరిగి, ఎదురెదురు గోడలు రెండింటి మీదా వెలుగు కనిపిస్తుంది. నా మనసుకు హత్తుకున్న విషయం ఇంకొకటి ఉంది. నియెప్స్ ఆ పలకను ఇంగ్లండుకు తీసుకువెళ్లి, మొక్కల బొమ్మలు గీసే ఫ్రాన్సిస్ బవర్ దగ్గర ఉంచాడు. అది ఎవరు చేసిన ఏ ప్రయోగమో బవర్ దాని వెనుక రాసిపెట్టాడు. తరువాత అది చాలా ఏళ్లు కనిపించకుండా పోయి 1952లో ఒక పెట్టెలో బయటపడింది. కంటికి సరిగా ఆనని, మసకబారిన ఆ లోహపు పలకకు ఆ వెనుక రాత తోడు లేకపోతే, చూసినవారు దాన్ని ఏమనుకొని ఉండేవారో ఊహించడానికే భయమేస్తుంది.

1838లో పారిస్‌లో తొలినాటి ఫొటోగ్రాఫరు డాగేర్ తీసిన వీధి ఫొటో సంగతి కూడా ఇటువంటిదే. అది బళ్లతో, జనంతో కదిలే వీధి. కానీ అప్పటి పద్ధతిలో పలక మీద వెలుగు చాలాసేపు పడాలి కాబట్టి కదిలినవారెవరూ బొమ్మలోకి ఎక్కలేదు. బూట్లు తుడిపించుకోవడానికి కాలు ఎత్తి కదలకుండా నిలబడిన ఒక మనిషి మాత్రం నిలిచిపోయాడు. ఫొటోలో పడిన తొలి మనుషులలో ఒకడైన అతని పేరు నేటికీ ఎవరికీ తెలియదు. మా ఇంటి ఫొటోలో చీపురు పట్టుకొని నిలబడినామెను చూసినప్పుడల్లా నాకు అతనే గుర్తుకు వస్తాడు.

అదే పారిస్‌లో తరువాతి కాలంలో యూజీన్ ఆట్జే అనే ఫొటోగ్రాఫరు మూడు దశాబ్దాల పాటు బరువైన పెట్టె కెమెరాను, గాజు పలకలను మోసుకుంటూ వీధివీధీ తిరిగాడు. తలుపులు, మెట్ల కటకటాలు, దుకాణాల అద్దాలు, వీధుల్లో సరుకులమ్మే మనుషులు, ఇవే ఆయన తీసినవి. పాత వీధులు కూల్చి కొత్తవి వేస్తున్న ఆ రోజుల్లో, ప్రింటు వెనుక అది ఏ చోటో పేరు, నెగెటివ్ నంబరు పెన్సిలుతో రాసి గ్రంథాలయాలకు, మ్యూజియంలకు, చిత్రకారులకు అమ్మేవాడు. 1927లో ఆయన పోయాక దగ్గర మిగిలినవాటిలో చాలావాటిని బెరనీస్ అబ్బాట్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫరు కొని కాపాడారు. అవి చివరికి 1968లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంకు చేరాయి. ఆట్జే తనను కళాకారుడిగా చెప్పుకోలేదు. తను తీసేవాటిని ఆధార పత్రాలనే అన్నాడు. ఆ మాటలోని వినయం కన్నా అందులోని బాధ్యత నాకు ఎక్కువగా నచ్చుతుంది.

ఇంకో ఉదాహరణలో ఫొటో తీసినవారికి కళ మీద గానీ జ్ఞాపకం మీద గానీ ధ్యాసే లేదు. 1939 నుంచి 1941 వరకు న్యూయార్క్ నగరంలో ఆస్తిపన్ను లెక్కల కోసం నగరంలోని భవనాలన్నింటినీ ఫొటో తీయించారు. మొత్తం 7 లక్షలకు పైగా ఫొటోలు. ప్రతి ఇంటి ముందూ ఆ స్థలం నంబర్లున్న పలకను నిలబెట్టి, అది కూడా ఫొటోలో పడేలా చూశారు. పన్ను గుమస్తాల సౌకర్యం కోసం పెట్టిన ఆ నంబరు పలక వల్లనే, ఈనాడు ఒక మనుమరాలు తన తాతగారు కాపురమున్న ఇంటిని ఇన్ని లక్షల ఫొటోల మధ్య వెతికి పట్టుకోగలుగుతోంది. ఏ చోటో చెప్పే ఆనవాలు ఫొటోలోనే ఉంటే, ఎనభై ఏళ్ల తరువాత కూడా అది దిక్కులేనిది కాదు.

ఇక వివరాలు లేకుండా ఇప్పటికే మన చేతికి వచ్చిన ఫొటోల మాటేమిటి? వాటి విషయంలో పదిమందికీ చూపించడం తప్ప వేరే దారి లేదు, ఆ దారి పనిచేస్తుందన్నదానికి రుజువు ఉంది. 2008 జనవరిలో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన దగ్గరున్న పాత ఫొటోలలో మూడు వేలకు పైగా ఫ్లికర్ అనే ఫొటోల వెబ్‌సైటులో అందరికీ అందుబాటులో ఉంచి, తెలిసినవారు వివరాలు చెప్పమని కోరింది. జనం వీధి మూలలను, వాహనాలను, దుకాణాల పేరుపలకలను గుర్తుపట్టారు, తప్పుగా ఉన్న పేర్లు సరిచేశారు. గ్రంథాలయ సిబ్బంది ఆ మాటలను విడిగా సరిచూసుకొని, మొదటి ఏడాదిలోనే 500కు పైగా ఫొటోల నమోదు వివరాలను మెరుగుపరిచారు. అంత పెద్ద గ్రంథాలయానికి తెలియనివి ఎక్కడో ఇంట్లో కూర్చున్న ఒక పెద్దాయనకు తెలుసు. మీ పత్రిక పాఠకులలో అటువంటివారు వేలమంది ఉంటారు. వారిలో చాలామంది సామాజిక మాధ్యమాల జోలికి పోరు గానీ, పొద్దున్నే పత్రికను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతారు. ఈ పని పత్రికే చేయాలని నేను పట్టుబట్టడానికి కారణం అదే.

జ్ఞాపకం తప్పులు చేస్తుందన్న అభ్యంతరం న్యాయమైనదే. మా కూడలి ఫొటోకు నాలుగు ఊళ్ల పేర్లు చెప్పిన మా పెద్దలెవరూ అబద్ధం ఆడలేదు. ఎవరికి వారు అదే నిజమని నమ్మారు. 2002లో వెలువడిన ఒక పరిశోధనలో, చిన్నప్పుడు వేడిగాలి బెలూన్ ఎక్కినట్టు కల్పించిన ఫొటోను 20 మందికి చూపించి గుర్తుచేసుకోమంటే, నిజానికి ఎన్నడూ ఎక్కనివారిలో సగం మంది ఆ ప్రయాణాన్ని ఎంతో కొంత గుర్తుతెచ్చుకున్నారు. ఫొటోకు మన మనసు మీద ఉన్న బలం అంతటిది. అందుకే, పాత ఫొటోకు కంప్యూటరుతో రంగులు వేసి, చిరిగిన చోట లేని గోడలు, లేని ముఖాలు పూరించి పంచుకోవడం ఈమధ్య ఎక్కువవుతుంటే నాకు ఆందోళన కలుగుతోంది. చూడముచ్చటగా ఉందని మనం ముందుకు పంపే ఆ బొమ్మను రేపటివారు సాక్ష్యంగా తీసుకుంటారు. రంగు వేసుకోదలచినవారు వేసుకోవచ్చు. కానీ అసలు ఫొటోను పక్కనే ఉంచాలి, రంగు తరువాత వేసినదని రాయాలి. రాసే మాటల్లోనూ తాను కళ్లారా చూసినదేదో, ఎవరో చెప్పగా విన్నదేదో విడదీసి రాస్తే చాలు. "ఇది బహుశా" అని మొదలైన వాక్యాన్ని రేపు ఎవరైనా సరిదిద్దగలరు. అనుమానం ఉన్నా లేనట్టు రాసిన వాక్యం మాత్రం నాలుగుసార్లు అచ్చయ్యేసరికి చరిత్రై కూర్చుంటుంది.

సెల్‌ఫోన్లు వచ్చాక ఈ బాధ తీరిపోయిందని అనుకునేవారున్నారు. ఫోన్‌తో తీసిన ఫొటోలో తీసిన రోజు, గంట, అనుమతి ఇచ్చి ఉంటే తీసిన చోటు కూడా దాగి ఉండే మాట నిజమే. అయితే వాట్సాప్ వంటి వాటిలో మామూలుగా పంపినప్పుడు ఫొటో నాణ్యత తగ్గిపోతుంది, ఆ దాగిన వివరాలు రాలిపోతాయి. నాలుగు చేతులు మారేసరికి మసకబారిన బొమ్మ ఒకటి మిగులుతుంది. వివరాలు చెక్కుచెదరకుండా అందాలంటే దాన్ని డాక్యుమెంటుగా పంపాలన్న చిన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. వివరాలు నిలిచినా అవి తేదీనీ స్థానాన్నీ చెబుతాయి గానీ, ఆ మలుపును అక్కడివారు ఏ పేరుతో పిలిచేవారో, మధ్యాహ్నం ఎండ ఏ గోడ మీద పడేదో, ఏ గంటకు అక్కడ సందడి మొదలయ్యేదో చెప్పవు. ఫొటోకు వినిపించదు, వాసన తెలియదు. వాన వెలిసిన ఆ ఉదయం సందులో బురద వాసన వేసి ఉంటుంది, గిన్నెలతో నీళ్లు తోడిపోస్తున్న చప్పుడు వినిపించి ఉంటుంది. నాన్నగారు ఇంకో రెండు వాక్యాలు రాసి ఉంటే అవి కూడా మిగిలేవి కదా అని నాకు అనిపిస్తూనే ఉంటుంది.

ఇక్కడ నాకు జరిగిన ఒక నష్టం చెప్పక తప్పదు. కొన్నేళ్ల కిందట ఒక సంస్థవారు పాత ఫొటోల ప్రదర్శన పెడుతున్నామంటే, నాన్నగారి డబ్బాలోవి పదకొండు ఫొటోలు ఇచ్చాను. తిరిగి వచ్చేసరికి వాటిని నల్లని అట్టలకు గట్టి జిగురుతో పూర్తిగా అంటించేశారు. ముందువైపు శుభ్రంగా, అందంగా ఉన్నాయి. వెనుక రాతలున్నవి వాటిలో ఆరు. ఒకదాన్ని ఊడదీయబోతే కాగితం చీలిపోయింది. మిగతావాటి జోలికి పోవడానికి ధైర్యం చాలలేదు. ఆ రాతలు ఇచ్చేముందు నేను చదివాను గానీ నకలు రాసిపెట్టుకోలేదు. ఇప్పుడు వాటిలో రెండింటి సారాంశం మాత్రమే గుర్తుంది. సందు ఫొటో నా దగ్గరే ఉండిపోవడం వల్ల బతికింది.

అందువల్ల, పాఠకుల నుంచి ఫొటోలు కోరేటప్పుడు అసలు ప్రతులను పంపవద్దని, ముందూ వెనుకా రెండు వైపులా స్కాన్ చేసి పంపమని మీరు స్పష్టంగా చెప్పాలని నా మనవి. వెనుక రాత ఉంటే దాన్ని కూడా ఫొటోతో సమానంగా అచ్చు వేయాలి. రాత లేని ఫొటోలు ఇంట్లో ఉన్నవారు పెద్దవారి పక్కన కూర్చొని, వారు చెప్పింది చెప్పినట్టు ఈ వారమే రాసుకోవాలి. పండుగకు వచ్చినప్పుడు అడుగుదాంలే అనుకున్నవారిలో నేనూ ఒకరిని. రాయడానికి మెత్తని పెన్సిలు వాడి, ఫొటోను గట్టి బల్ల మీద బోర్లించి, అంచు దగ్గర తేలికగా రాయాలి. బాల్‌పెన్నుతో నొక్కి రాస్తే అచ్చు ముందువైపుకు తేలుతుంది, కొన్ని సిరాలు ఏళ్లు గడిచేకొద్దీ పాకుతాయి. జిగురు పేజీల ఆల్బంలు చూడటానికి సౌకర్యంగా ఉన్నా ఫొటోలకు హాని చేస్తాయి. రంగు ఫొటోలు వెలుతురు తగిలేకొద్దీ వెలిసిపోతాయి కనుక గోడకు ఒక నకలును తగిలించి అసలుదాన్ని చీకటి, పొడి చోట దాచడం మేలు.

పంచుకునే ఉత్సాహంలో ఇతరులకు ఇబ్బంది కలిగించకూడదన్నది కూడా నేను అంతే గట్టిగా చెప్పదలచాను. ఫొటో ఎవరు తీశారో తెలిస్తే వారి పేరు వేయాలి, బతికి ఉంటే అనుమతి అడగాలి. పిల్లల ముఖాలు, ఈనాడు నివాసమున్న ఇంటి కచ్చితమైన ఆచూకీ అచ్చులోకి రాకుండా చూడాలి. ఫొటోలో ఉన్నవారు గానీ వారి కుటుంబంవారు గానీ తీసివేయమంటే కారణం అడగకుండా తీసివేయాలి. ఒకరికి తీపి జ్ఞాపకమైన చోటు మరొకరికి అవమానం జరిగిన చోటు కావచ్చు; ఆ రెండో మనిషి ఉత్తరం రాస్తే, దానికి కూడా మొదటిదానికి ఇచ్చినంత జాగా ఇవ్వాలి. నా ఉద్దేశంలో అటువంటి ఉత్తరాల వల్లనే ఈ శీర్షిక నిజమైనది అవుతుంది.

పాతవాటిని వెతకడంతో పాటు ఈనాటి మామూలు చోట్లను తీసుకోవడం కూడా ఈ పనిలో భాగమే. బ్రిటన్, ఐర్లాండ్ దేశాలలో 2005లో మొదలైన జియోగ్రాఫ్ అనే ప్రయత్నంలో, దేశాన్ని కిలోమీటరు చదరపు గడులుగా విభజించి, ప్రతి గడి నుంచీ ఫొటోలు, వాటి వివరాలు సామాన్యులే చేరుస్తున్నారు. చూడటానికి ఏమీ లేదనుకునే గడి కూడా అందులో ఖాళీగా ఉండకూడదు. ఆ పట్టుదల నాకు ఎంతో నచ్చింది. ఏడాదికొకసారి అదే చోట నిలబడి అదే వైపుకు తిరిగి ఒక ఫొటో తీసి, తేదీతో రెండు వాక్యాలు రాసుకునే అలవాటు ఎవరైనా చేసుకోవచ్చు. మనుషులను దగ్గరగా తీసేటప్పుడు ఒక్క అడుగు వెనక్కి వేసి, వెనుకనున్న గోడ, గుమ్మం, వీధి మూల కూడా పడేలా తీస్తే చాలు. రెండో ప్రపంచయుద్ధంలో నేలమట్టమైన, పోలండు రాజధాని వార్సాలోని పాత పట్టణాన్ని తిరిగి కట్టినప్పుడు, 18వ శతాబ్దంలో బెల్లోట్టో అనే చిత్రకారుడు వేసిన వీధుల చిత్రాలు, యుద్ధానికి ముందు వాస్తుశాస్త్ర విద్యార్థులు, ఆచార్యులు గీసిపెట్టిన కొలతల పటాలు ఆధారమయ్యాయి. కిటికీల వరుసను, కప్పుల అంచులను నమోదు చేసినవారికి అవి ఒకనాడు ఊరిని తిరిగి నిలబెడతాయని తెలియదు.

మొదటి వారం ఎవరూ పంపకపోతారేమోనన్న సంకోచం మీకు ఉండవచ్చు. అందుకే మా సందు ఫొటో రెండు వైపులా స్కాన్ చేసి ఈ లేఖకు జతపరుస్తున్నాను. వెనుక రాతతో సహా ముద్రించవలసిందిగా ప్రార్థన. ఆ ఊరు ఏదో నాన్నగారు రాయలేదు గనుక నేనూ రాయడం లేదు. గోడల మీది నీటి చారను గానీ, ఎడమ చివరి తలుపు చట్రం మీది చెక్కడాన్ని గానీ గుర్తుపట్టినవారు, ఆ రాత్రి అందరికీ దీపం ఇచ్చినామె ఎవరో తెలిసినవారు పత్రికకు ఒక కార్డు ముక్క రాస్తే, ఆ కుటుంబంవారి అనుమతి అడిగి, నాన్నగారు అడగని ఆ పేరును పెన్సిలుతో ఫొటో వెనుక రాసిపెడతాను.

భవదీయురాలు,
మీ పాఠకురాలు